పాతదాంట్లోంచి ఒక గరిటె

సీసా మూత తిప్పగానే టప్ మంది. అప్పుడే ఆగాల్సింది. ఆగలేదు. వెనక నుంచి సంఘపెద్ద "కానివ్వమ్మా, పాట అయిపోవచ్చింది" అని తొందరపెడుతున్నాడు, ముక్కేమో నిన్నటి నుంచి సిమెంటు పోసినట్టు మూసుకుపోయి ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సీసా వంచడం, చిన్న గాజు గ్లాసుల మీదుగా ధార తెగకుండా తిప్పడం, అంచుల మీద నిలబడ్డ గులాబీరంగు నురగను గుడ్డ కొసతో తుడవడం. నురగ. పాట ఆగి, ఆశీర్వాదం ముగిసి, పళ్ళెం మొదటి బెంచీ దగ్గర బయలుదేరి, మందిరమంతా చెక్క కిర్రుమనే చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా మూగబోయిన ఈ నిమిషంలో, పక్క గది తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న టైలరక్కకు ఆ నురగ మళ్ళీ కళ్ళ ముందు పొంగింది. కాచి, వడగట్టి, పొగలు కక్కుతుండగానే సీసాలో పోసి బిగించిన ద్రాక్షరసానికి నురగ ఎందుకొస్తుంది? రాదు. అమ్మ చేసిన రోజుల్లో రాలేదు, అమ్మ పోయాక ఇన్నేళ్ళుగా తను చేస్తున్నా రాలేదు. ఆ సీసా మూత ఏనాడూ నోరెత్తి టప్ మనలేదు.

మొదటి గ్లాసు ఆమె చేతిలోనే ఉంది. ప్రభువు బల్లకు రొట్టె, రసం సిద్ధం చేసిన మనిషికి మొదటి గ్లాసు ఇవ్వడం ఈ సంఘంలో పద్ధతి. అందిన గ్లాసును వెంటనే తాగకపోవడం ఇంకో పద్ధతి. అందరూ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చోవాలి. పళ్ళెం చివరి బెంచీ దాకా వెళ్ళి మళ్ళీ బల్ల మీదికి వచ్చాక పాస్టరుగారు తన గ్లాసు ఎత్తుతారు, నాలుగు మాటలు చెబుతారు, అప్పుడు పిన్నా పెద్దా ఒక్కసారిగా తాగుతారు. ఒకరు ముందు ఒకరు వెనక అన్న తేడా రాకూడదని ఏ కాలంలోనో ఎవరో పెట్టిన ఏర్పాటు. అంటే పళ్ళెం తిరిగి వచ్చేదాకా. అంతవరకే ఆమెకు సమయం. రొట్టె తక్కువైతే, గ్లాసు ఒలికితే చటుక్కున లేవడానికి వీలుగా ఆమె స్టూలు జనానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి, అందరిలోకీ ఆ ఒక్క ముఖం మరీ దగ్గరగా కనిపిస్తోంది. చివరి నుంచి రెండో బెంచీ, నడవ పక్కన, తమ్ముడు. తను కుట్టిన లేత నీలం చొక్కా, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని. ఒళ్ళో కూతురు, పక్కన మరదలు. మరదలు పుట్టింటి నుంచి తిరిగొచ్చి ఇంకా పెట్టెలోంచి బట్టలన్నీ తీసి సర్దుకోలేదు. సర్దుకోనని ఆమెతోనే చెప్పింది, దుకాణంలో మిషను పక్కన నిలబడి, చెరగు చివర ముడేస్తూ విప్పుతూ. "వదినా, నాకు పంచాయితీలు వద్దు, ప్రమాణాలు వద్దు. ఒక్కసారి ఆయన దగ్గర ఆ వాసన వస్తే చాలు, పిల్లను తీసుకుని వెళ్ళిపోతా. ఎందుకు, ఎలా, ఎవరు పోశారు అని కూడా అడగను. ఈసారి వెళ్తే ఇక రాను." సరేనంది తను. ఒక్క చుక్క కూడా ఉండదు, నేను పూచీ అంది. పూచీ!

ఎక్కడ తప్పింది? పోయిన వారం కూడా కాదు, అంతకు ముందే కాచింది. నల్ల ద్రాక్ష, గింజలున్నవి, గుత్తుల నుంచి తుంపి కడిగి గుడ్డ మీద ఆరబెట్టి. పెద్ద గిన్నె, సన్నటి మంట, తొక్కలు పగిలి వంటగదంతా ఊదారంగు ఆవిరి. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత, పాతది. అమ్మకు ఒక అలవాటు ఉండేది, ఇంకే సంఘంలోనూ ఉందో లేదో తెలీదు, పోయిన నెల సీసా అడుగున ఒక గరిటెడు రసం ఉంచేది, పారబోయనిచ్చేది కాదు, దాన్ని తెచ్చి కొత్త రసంలో కలిపేది. "బల్ల ఒక్కటేనే పిల్లా. నెలకో కొత్త బల్ల మొదలవదు. నిన్నటిది కొంచెం ఇవాళ్టిలో ఉండాలి" అనేది. కలిపేది, ఎప్పుడు కలిపేది? పొయ్యి మీద ఉన్నప్పుడు. కాగుతున్న గిన్నెలో. కలిపాక మళ్ళీ బాగా తెర్లనిచ్చి, అప్పుడు దించేది. టైలరక్క అన్నేళ్ళూ అలాగే చేసింది. ఈసారే ఎందుకో, కాదు, ఎందుకో ఏమిటి, తెలుసు. తమ్ముడు బల్ల దగ్గరికి తిరిగొస్తున్నాడు, ఈసారి అంతా మామూలుకంటే పవిత్రంగా జరగాలని ఒంటికాలి మీద నిలబడింది. బల్ల మీది గుడ్డ ఉతికిన గుడ్డే అయినా మళ్ళీ ఉతికింది, గ్లాసులు వేణ్ణీళ్ళలో ముంచి తీసింది, ఆ గరిటెడు పాత రసాన్ని ఫ్రిజ్ లోంచి తీసినప్పుడు మనసు ఒప్పలేదు. ఆశీర్వదించిన దాన్ని మంట మీద మరగబెట్టడమేమిటి, పప్పూ చారూ లాగా? తప్పు కదూ? అని పక్కన పెట్టింది. కొత్తదాన్ని దించి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, అప్పుడు భక్తిగా, కళ్ళు మూసుకుని, పాతది అందులో పోసి మూత బిగించి పొయ్యి పక్క అల్మరాలో పెట్టింది. పాలల్లో తోడు వేసి వెచ్చటి చోట దాచిపెట్టినట్టు! పాలకు ఏమవుతుందో చిన్న పిల్లకు కూడా తెలుసే. ద్రాక్షకు అవదా?

పళ్ళెం మూడో బెంచీకి వచ్చింది. మోస్తున్నది సంఘపెద్ద. చేతికి తెల్ల రుమాలు, ముఖం మీద ఆదివారం గాంభీర్యం. ఆయనకు చెబితే? లేచి నాలుగడుగులు వేసి చెవిలో ఊదితే? మూలన ఉన్న రెండంతస్తుల ఆయన భవనంలో కింద భాగం బారుకు అద్దెకిచ్చాడు. పోయిన ఏడు స్త్రీల సమాజం తరఫున ఆమే వెళ్ళి అడిగింది. "అద్దెకిచ్చింది గోడలమ్మా, గోడలు తాగవు కదా" అని నవ్వి కాఫీ ఇప్పించాడు. బయటికొచ్చి ఆడవాళ్ళందరూ ఆయన్ను దుమ్మెత్తిపోశారు. ఆమె ఇంకాస్త ఎక్కువ పోసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు అదే బారు మేనేజరు దుకాణానికొచ్చాడు, కుర్చీ లాక్కుని కూర్చుని, "టైలరక్కా, మా వాళ్ళందరికీ చొక్కాలు కుట్టాలి, జేబు మీద ద్రాక్షగుత్తి ఎంబ్రాయిడరీ. నీ చేతి గుత్తి ఊళ్ళో ఇంకెవరికీ రాదంటున్నారు" అన్నాడు. కుట్టింది. కుట్టింది కదా! ఊదారంగు దారం, ఆకుపచ్చ తీగ, ఆకు మడత దగ్గర చిన్న మెలిక. బల్ల మీది తెల్లగుడ్డ అంచున ఉన్న గుత్తీ అదే, ఆ మెలికా అదే, రీలు కూడా అదేనేమో. పనికి పని, దారానికి పాపమేమిటి అని సర్దిచెప్పుకుంది. గోడలు తాగవు, దారం తాగదు. ఎవరి గోడ వాళ్ళది, ఎవరి దారం వాళ్ళది, ఊరు మాత్రం తాగుతోంది.

ఊరు ఎంత మారిపోయిందో ఆమెకు ఉపన్యాసాలు వినక్కర్లేదు, జేబులు చూస్తే చాలు. కోటు లోపలి జేబు పూర్వం పెన్నుకీ కళ్ళజోడుకీ ఉండేది. ఇప్పుడు "కాస్త లోతుగా పెట్టక్కా, అడ్డంగా కాదు, నిలువుగా" అంటారు. దేనికని అడగదు, టేపు తీసుకుంటుంది. పెళ్ళికొడుకు కోటుకు నిలువు జేబు. రిటైరవుతున్న మాస్టారి కోటుకు నిలువు జేబు. కాలేజీ కుర్రాడు జీన్సు తెచ్చి కాలి దగ్గర దొంగజేబు పెట్టమన్నాడు, నవ్వుతూ, వాళ్ళమ్మ పక్కనే ఉండగా, వాళ్ళమ్మ కూడా నవ్వుతూ. పాల బూత్ తెరవకముందే మందు షాపు ముందు మనుషులు. ఆస్పత్రి ఎదురుగా గోడంత బొమ్మ, అందులో తాతా కొడుకూ కోడలూ గ్లాసులు ఎత్తి పళ్ళికిలిస్తుంటారు, కింద మంచాల మీద కాలేయాలు చెడినవాళ్ళు ఆ నవ్వుల్ని కిటికీలోంచి చూస్తుంటారు. ఒకప్పుడు తాగేవాడు ముఖం చాటేసేవాడు. ఇప్పుడు తాగనివాడు ముఖం చాటెయ్యాలి, "ఏం, ఆరోగ్యం బాలేదా?" అని జాలిగా అడుగుతారు. ఇవన్నీ ఆమె స్త్రీల సమాజంలో చెప్పింది. బల్ల గుద్ది చెప్పింది. "ఒక్క చుక్క, అమ్మల్లారా, ఒక్క చుక్కతోనే మొదలవుతుంది, ఆ చుక్క ఎవరు పోశారో వాళ్ళే దేవుడికి జవాబు చెప్పాలి!" ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆ చుక్క ఎవరు పోశారో.

ఐదో బెంచీ. గ్లాసును కిటికీ వెలుతురు వైపు తిప్పింది. గాజు గోడను అంటుకుని సన్నటి బుడగలు. ఆవగింజ కన్నా చిన్నవి. ఒకటి ఊడి పైకి పోయింది, దాని చోట ఇంకొకటి. ఒకవేళ, ఒకవేళ ఇది వట్టి గాలేమో, తొందరగా పోసినందుకు పట్టిన గాలేమో, వాసన చూద్దామంటే ముక్కు లేదు, ఎంత పీల్చినా లోపల గోడకు కొట్టుకుని తిరిగొస్తోంది. ఎవరూ చూడకుండా చిటికెనవేలు ముంచి నాలుక కొసకు రాసుకుంది. రుచి తెలీలేదు. కానీ చురుక్కుమంది. చిన్న సూది గుచ్చినట్టు. చిన్నప్పుడు అరిగిన బ్యాటరీని నాలుక మీద పెట్టుకుంటే ఉండేదే, అలా. ఈ చురుకు వట్టి ద్రాక్షకు ఉండదు. నాలుక మీద వేలు, వేలు మీద చుక్క, ఎవరిదో నవ్వు... నాన్న. నాన్న కూడా టైలరే. ఇదే మిషను. సాయంత్రమయ్యేసరికి దారాల డబ్బా వెనక నుంచి సీసా తీసేవాడు, కాసేపటికి కుట్టు వంకర్లు పోయేది. ఒకసారి ఎవరి చొక్కాకో రెండూ ఎడమ చేతులే కుట్టేశాడు, ఆ పెద్దమనిషి అద్దంలో చూసుకుని "నన్ను పీతను చేశావేమయ్యా" అంటే ఇంట్లో వారం రోజులు అదే నవ్వు. నాన్న తాగినప్పుడు భలే సరదాగా ఉండేవాడు, మొదటి గంట. ఆ మొదటి గంటలోనే తమ్ముణ్ణి తొడ మీద కూర్చోబెట్టుకుని, గ్లాసులో వేలు ముంచి, వాడి నాలుకకు రాసేవాడు. వాడు ముఖం వికారంగా పెట్టి ఒళ్ళంతా దులుపుకునేవాడు, మళ్ళీ నాలుక చాపేవాడు. "చూడు చూడు, నా వారసుడు!" వంటింట్లోంచి అమ్మ అరుస్తూ వచ్చేది. తను? తను గుండీలు కుడుతూ పడిపడి నవ్వేది. ఇంకోసారి రాయి నాన్నా, అనేది. అది ఎవరికీ చెప్పలేదు. స్త్రీల సమాజంలో కూడా చెప్పలేదు.

తాగుడు తమ్ముణ్ణి పట్టుకున్నాక ఎలా కిందికి దింపిందంటే, వాడు బాగుచేసే లిఫ్టులే అలా దిగవు. మంచి మెకానిక్కు, లిఫ్టు శబ్దం విని ఏ చక్రం అరిగిందో చెప్పేవాడు. ఒక రోజు మత్తులో ఒక అంతస్తు తలుపు తెరిచి, అడ్డంగా పెట్టాల్సిన ఇనప కంచె పెట్టడం మరిచిపోయాడు. జోడీగా పనిచేసేవాడు మాట్లాడుతూ వెనక్కి అడుగేసి లిఫ్టు గోతిలో పడ్డాడు. బతికాడు, ఇప్పటికీ కర్ర పట్టుకుని నడుస్తాడు. ఉద్యోగం పోయింది, మరదలు పుట్టింటికి పోయింది. ఆ తర్వాత నెలలో బల్ల ఆరాధనకు వాడొచ్చాడు. చొక్కా నలిగి, కళ్ళు ఎర్రబడి, నడవలో ఊగుతూ వచ్చి కూర్చున్నాడు. పళ్ళెం వాడి దగ్గరికి వెళ్ళింది, వాడి చెయ్యి గ్లాసు మీదికి వచ్చింది, ఈ స్టూలు మీద నుంచే ఆమె లేచింది. "వాడికి ఇవ్వకండి. తాగి వచ్చాడు." ఆ రోజు గొంతు గంటలా మోగింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అక్క వైపు ఒకసారి చూసి లేచి, బెంచీ తగిలి తూలి, బయటికి వెళ్ళిపోయాడు. ఎంత ధైర్యం, సొంత తమ్ముడని కూడా చూడలేదు, సాక్ష్యమంటే అది, అని అందరూ చేతులు పట్టుకున్నారు. సమాజానికి అధ్యక్షురాలిని చేశారు. తప్పు చేశానని ఆమె ఇప్పటికీ అనుకోదు. బల్ల దగ్గరికి అలా రాకూడదు. ఎవరో ఒకరు లేవాలి. కానీ పోయిన నెల పాస్టరుగారు దుకాణానికొచ్చి, "తమ్ముడు మళ్ళీ బల్లలో పాలుపొందుతానంటున్నాడమ్మా. నువ్వు సరేనంటేనే" అన్నప్పుడు ఆమె తెల్లబోయింది. "నన్నడగడమేమిటండీ?" అంది. "ఆ రోజు లేచింది నువ్వే కదా" అన్నారాయన, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, ఆమె ముఖం చూడకుండా.

పళ్ళెం మధ్య బెంచీలు దాటింది. ఇప్పుడు లేవాలి. లే. లేచి "తాగొద్దు" అంటే జనం ఎటు చూస్తారు? వాడి వైపే. అదే స్టూలు, అదే మనిషి, అదే బల్ల. టైలరక్క మళ్ళీ తమ్ముణ్ణి పట్టించింది అనుకుంటారు. ఆమె రెండో మాట అనేలోపే మరదలు పిల్లను ఎత్తుకుంటుంది. వాడు అటు చూసి ఇటు చూసి లేచి వెళ్ళిపోతాడు, నేరుగా మూలన ఉన్న ఆ భవనానికి, ద్రాక్షగుత్తి చొక్కాల దగ్గరికి. లేవకపోతే? లేవకపోతే అందరూ తాగుతారు, చిన్న గ్లాసే, గుక్కెడు కూడా లేదు, ఎవరికీ ఏమీ అవదు. మందిరంలో పాటలు ఎత్తుకునే పాటల తాతయ్యే ఒకసారి అన్నాడు, కొన్ని సంఘాల్లో అసలు పులిసినదే పోస్తారట, వాళ్ళు దేవుడికి పిల్లలు కారా అని. మిగతావాళ్ళకు ఏమీ అవదు. వాడికి? ఇన్ని నెలలుగా చుక్క ముట్టని నాలుక మీద ఒక గుక్కెడు, అదీ పాస్టరుగారి చేతిమీదుగా, అక్క కాచిన గిన్నెలోంచి, పక్కనే ఆనుకుని కూర్చున్న భార్యకు వాసన తగిలేటంత దగ్గరలో. అమ్మా, నువ్వైతే ఏం చేసేదానివి? అమ్మ కాగబెట్టేది. అమ్మకు పవిత్రత గురించి ఇన్ని ఆలోచనలు లేవు, మరగబెట్టేది, అంతే.

నాలుగు బెంచీల అవతల పాటల తాతయ్య గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగాడు. కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ పీల్చాడు. ముసలి ముఖం మీద, చాలాకాలం కిందటి స్నేహితుడు వీధి మలుపులో ఎదురైనట్టు ఒక మెరుపు. పక్కనున్న భార్య మోచేత్తో పొడిచింది. ఇక అనుమానం లేదు. గాలీ కాదు, గీలీ కాదు.

పళ్ళెం చివరి నుంచి రెండో బెంచీ దగ్గర ఆగింది. మరదలు తీసుకుంది. ఆమెకు కూడా జలుబే, పిల్ల నుంచి అంటుకున్నది, పొద్దున గుమ్మంలో తనూ మరదలూ పిల్లా ఒకేసారి తుమ్మి నవ్వుకున్నారు. తమ్ముడు తీసుకున్నాడు. గ్లాసు ఛాతీ దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. వాడి ముక్కుపుటాలు కదిలాయి. ఎంత దూరం నుంచైనా ఆమెకు తెలుస్తుంది, పుట్టిన రోజు నుంచి చూస్తున్న ముఖం. రంగు పోయింది. వాడు గ్లాసు వైపు చూడలేదు, కూతురి వైపు చూడలేదు, తలెత్తి బెంచీలన్నిటి మీదుగా నేరుగా అక్కను చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు అర్థం కాలేదు. కోపం కాదు. భయం ఉంది, కానీ భయమొక్కటే అయితే గుర్తుపట్టేది. చదువుకునే రోజుల్లో తప్పు చేయకుండానే గోడ దగ్గర నిలబెట్టిన పిల్లాడు చూసే చూపు. తర్వాత కళ్ళు దించేసుకుని, ఎడమ అరచేతిని గ్లాసు మీద మూతలా కప్పాడు.

పళ్ళెం తిరిగి బల్ల మీదికి వచ్చింది. సంఘపెద్ద రుమాలు మడిచి పక్కన పెట్టాడు. పాస్టరుగారు తన గ్లాసు ఎత్తారు. బెంచీల మీద చేతులన్నీ కొద్దికొద్దిగా పైకి కదిలాయి, తమ్ముడి చెయ్యి కూడా, అరచెయ్యి తియ్యకుండానే. టైలరక్క నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. స్టూలు వెనక్కి పడి టైలు మీద టకటకా కొట్టుకుంది.

"తాగొద్దు" అంది. జలుబు గొంతులోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది.

అనుకున్నట్టే అయింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి, చివరి నుంచి రెండో బెంచీ వైపు. మరదలు ఇంకా ఏమీ తెలుసుకోకముందే ఆమె చెయ్యి పిల్ల భుజం మీద పడింది.

"వాణ్ణి కాదు! వాణ్ణి చూడకండి, ఇటు చూడండి, నన్ను." ఎవరూ తిరగడం లేదు, తిరుగుతున్నారు, మెల్లగా, అయిష్టంగా. "రసం పులిసింది. మత్తు పట్టింది. పాతది కాచకుండా కలిపాను. మరీ పవిత్రంగా చేద్దామని... వాడికేం సంబంధం లేదు. నా చేత్తో నేనే పులియబెట్టి పోశాను. ఎవ్వరూ నోట పెట్టకండి."

"ఆశీర్వాదం అయిపోయాక ఇదేమిటమ్మా" అన్నాడు సంఘపెద్ద, పళ్ళ మధ్య నుంచి.

పాస్టరుగారు తన గ్లాసు వాసన చూశారు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. గ్లాసును తెల్లగుడ్డ మీద, ద్రాక్షగుత్తి పక్కనే, చప్పుడు కాకుండా పెట్టారు. "అమ్మ చెప్పింది విన్నారుగా. గ్లాసులన్నీ పళ్ళెంలో పెట్టేయండి" అన్నారు.

"నాది సగం ఒలికిందండీ, వయసు కదా, చెయ్యి వణికింది" అన్నాడు పాటల తాతయ్య, పెదవులు తుడుచుకుంటూ. వెనక ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. తాతయ్య భార్య మాత్రం నవ్వలేదు.

పళ్ళెం ఆమే పట్టుకుని బయలుదేరింది. బెంచీ తర్వాత బెంచీ. కొందరు ఆమె ముఖం చూడకుండా పెట్టారు, కొందరు చూసి పెట్టారు, ఒకావిడ "అధ్యక్షురాలే ఇలా అయితే" అని పక్కావిడతో అంది, వినబడాలనే అంది. పడింది. ఫరవాలేదు, అది ఇవాళ ఆమెకు రావాల్సిన మాటే. మరదలు తన గ్లాసు పెట్టింది, ముక్కు చీదుకుంటూ, "నాకు అసలు తెలీలేదు వదినా" అంది. పిల్ల భుజం మీద చెయ్యి అలాగే ఉంది. తమ్ముడు అరచెయ్యి తీశాడు. గ్లాసు నిండుగా ఉంది. అరచేతి నడుమ గ్లాసు అంచు గుండ్రటి ఊదారంగు ముద్ర పడి ఉంది, చెమటకు తడిసి.

"కావాలనే పోశావనుకున్నా అక్కా" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

"ఏమిటి?"

"నన్ను చూద్దామని. తాగుతానో లేదో."

అప్పుడు ఆ చూపు అర్థమైంది. పళ్ళేన్ని బెంచీ అంచుకు ఆనించింది. వాడి అక్క ఇలాంటిది చెయ్యగలదని వాడు నమ్మాడు. నమ్మి కూడా లేచి పోలేదు, అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పాల్సినవి గుండెలో గుంపుగా లేచాయి, నాన్న వేలు, తన నవ్వు, బారు చొక్కాలు, ఆ రోజు గంటలా మోగిన గొంతు. నోట్లోంచి మాత్రం "జలుబురా. వాసన తెలీలేదు" అని వచ్చింది. "ఊ" అన్నాడు వాడు.

పక్క గది వెనక తలుపు తీస్తే మట్టినేల. మిగిలినది కాలవలో పొయ్యరు, మట్టిలోనే పొయ్యాలి, అది కూడా అమ్మ పద్ధతే. లోపల పాస్టరుగారు మంచినీళ్ళు తెప్పించమంటున్నారు, ఇవాళ్టికి నీళ్ళతోనే, అంటున్నారు. ఆమె పళ్ళెం కింద పెట్టి, సీసా కోసం వెనక్కి తిరిగేసరికి తమ్ముడు సీసా పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. వాడి వెనక కాస్త దూరంలో పిల్లనెత్తుకుని మరదలు, చూస్తూ.

"ఇటివ్వు. నువ్వు లోపలికి పో" అంది కంగారుగా.

"నువ్వు పొయ్యక్కా. నేను అటు తిరిగి నిలబడతా." సీసా ఇచ్చి గోడ వైపు తిరిగాడు. లేత నీలం చొక్కా వీపున, వెన్నెముక పొడుగునా, చెమటతో ముదురు నీలమైంది. భుజం కుట్టు ఒకవైపు కొంచెం లాగుతోందని ఆమె చూసింది, ఇలాంటప్పుడు కూడా చూసింది.

గ్లాసులు ఒక్కొక్కటే వంచింది. మట్టి బుసబుసమంటూ తాగింది. "నేను లేవకపోతే?" అని అడిగింది, అడగకూడదనుకుంటూనే.

"తెలీదక్కా. చెయ్యి అడ్డం పెట్టుకున్నా. అక్కడిదాకే తెలుసు." గాలి ఇటు నుంచి అటు వీస్తోంది, వాడు ఊపిరి బిగబట్టడం వీపు మీద తెలుస్తోంది. "అయిపోయిందా?"

"ఇంకొంచెం."

సీసా వంచింది. ధార సన్నబడింది, అడుగున ఒక గరిటెడు మిగిలేసరికి చెయ్యి దానంతటదే నిటారుగా అయింది. అన్నేళ్ళ అలవాటు. నిన్నటిది కొంచెం ఇవాళ్టిలో ఉండాలి. సీసా అడుగున ఆ ఊదారంగు, అమ్మ చేతి నుంచి తన చేతిదాకా తెగకుండా వచ్చినది, బుడగలు వదులుతూ కూర్చుంది. గుమ్మంలో పిల్ల "అత్తా, అది నాకు?" అని చెయ్యి చాపింది.

టైలరక్క సీసాను తలకిందులు చేసింది.

"అయిపోయిందా అక్కా?"

"అయిపోయింది."

సీసా మూతి నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. అవి కూడా ఆగేదాకా తమ్ముడు ఇటు తిరగలేదు.